లాభం, రెండు, మూడు

ప్రార్థన అయ్యాక, హాజరు తీయబోతూ కరుణ టీచర్ ఫోన్ చూసింది. చూసి హాజరు పట్టీ మూసేసింది.

ఆమె పెట్టిన వీడియో కింద ఎవరో రాశారు: "ఇందూ, నాయిన సూస్తుండు బిడ్డా."

వీడియోలో ఇందు పేరు ఎక్కడా లేదు. ముఖమూ లేదు. రెండు చిన్న చేతులు, నేల మీద చింతగింజలు, ఒక గొంతు. అంతే. ముఖం కనబడకపోతే మనిషి దొరకదని కరుణ నమ్మింది. డిగ్రీలు చదివినవాళ్లకు ఇలాంటి నమ్మకాలు చాలా ఉంటాయి.

కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే రోడ్డు పక్కన రెండు గదుల సర్కారు బడి అది. కరుణ అక్కడి పిల్లలతోనే లెక్కలు చెప్పించి వీడియోలు పెడుతుంది. వేలమంది చూస్తారు. మంచి వీడియోలు చేసే టీచర్లకు సూర్యాపేటలో సన్మానం పెట్టారు, అందులో ఆమె పేరుంది. ఉండాల్సిందే, పని అంత బాగా చేస్తుంది. ఆ మాట ఇక్కడ ఎవరూ కాదనరు.

ఇందు బడికి వచ్చింది ఏడాది మధ్యలో. తల్లి నాగమణి చేయి పట్టుకుని తీసుకొచ్చింది. పాత బడి కాగితాలు లేవు. పైట కొంచెం జరిపి భుజం చూపించింది. బస్తాలు లాగే ఇనుప కొక్కెం దిగిన మచ్చ.

"మా ఆయన మిల్లుల హమాలీ మేడం, మిర్యాలగూడల. ఠాణాకు పోతే కూసోబెట్టి మాట్లాడి మళ్ల ఆయనింటికే తోలిన్రు. ఈసారి పిల్లను కోసి నన్ను కోస్తా అన్నడు. రాత్రికి రాత్రి బస్సెక్కి వచ్చినం. ఫొటో గిట్ల దింపకు. జర పుణ్యముంటది."

"దించను," అంది కరుణ. ఫొటో దించలేదు కూడా.

కానీ ఇందు గింజలు లెక్కపెట్టడం విన్నది. ఆ పిల్ల ఒకటి అనదు. "లాభం, రెండు, మూడు" అంటుంది. వడ్లు కొలిచేటప్పుడు మొదటి కొలతకు లాభం అనే అలవాటు మిల్లుల్లో ఇంకా ఉంది. తండ్రి బస్తాలు మోస్తుంటే గోనె మీద కూర్చుని నేర్చుకుంది. బడి బయట నేర్చిన లెక్క! కరుణకు ఒళ్లు పులకరించింది. ఇంతమందికి చూపించకుండా ఎలా ఉంటుంది? చేతులే కదా అనుకుంది.

ఇప్పుడు కామెంట్లు పైకి జరిపి చూసింది. అదే మనిషి ముందురోజే రాశాడు: "గొంతు మస్తుంది మేడం. ఏ బడి?" దాని పక్కన ఎర్రగుండె బొమ్మ. కరుణే పెట్టింది. రాసిన ప్రతివాడికీ పెడుతుంది, చదవకుండానే. దాని కింద ఆమె అభిమాని ఎవరో పొంగిపోతూ దారి చెప్పాడు. ఏ బంకు దాటాలి, ఎటు తిరగాలి, గేటు రంగేమిటి. "మా ఊరి గర్వం కరుణ మేడం" అని చివర్లో దండం.

వీడియో తీసేసింది. ఏం లాభం లేదు. అప్పటికే ఎవరెవరో దానికి పాట తగిలించి తమ పేజీల్లో పెట్టుకున్నారు. నాగమణికి ఫోన్ చేసింది. మిరప చేలో ఉంది, అందలేదు. పోలీసులకు చేసింది. పంపిస్తామన్నారు. రెండో టీచర్ ట్రైనింగ్‌కు పోయాడు. బడిలో పెద్దవాళ్లంటే తనూ, వంట చేసే అచ్చమ్మా.

ఇందును వంటగదిలోకి తోసి అచ్చమ్మకు రెండు ముక్కల్లో చెప్పింది. అచ్చమ్మ బియ్యం బస్తాల వెనక పిల్లను కూర్చోబెట్టింది.

"మేడం, నేను లెక్క తప్పు సెప్పిన్నా?" అనడిగింది ఇందు.

కరుణ పెదాల మీద వేలు పెట్టి చూపించింది. తలుపు దగ్గరికి వేసి వచ్చేసింది.

బండి చప్పుడైంది. ఉతికిన చొక్కా, దువ్విన తల, చేతిలో బిస్కెట్ ప్యాకెట్లు. తాగి అరుస్తూ వస్తాడనుకుంది. ఇలా వస్తాడనుకోలేదు.

"నమస్తే మేడం. సోమన్న నా పేరు. మీ వీడియోలన్నీ సూస్త. మస్తు సెప్తరు."

"ఏం కావాలి మీకు?"

"ఏం కావాలె? నా బిడ్డ."

"ఆ పేరు పిల్ల ఇక్కడ లేదు."

సోమన్న నవ్వాడు. "నేనింకా పేరే సెప్పలే గద మేడం."

కరుణ నాలుక కరుచుకుంది. అతను తరగతిలోకి నడిచాడు. ఒక్కో ముఖం చూశాడు. కూతురు లేదు. అప్పుడు జేబులోంచి ఫోన్ తీసి పిల్లల ముందు పట్టుకున్నాడు.

"ఏది, వీడియో తీస్త. లెక్క సెప్పుండ్రి."

ఫోన్ లేచిందంటే గొంతెత్తాలని ఆ పిల్లలకు నేర్పింది కరుణే. ఆపేలోపే మొదలుపెట్టారు. ఇందు వచ్చాక బడంతా అదే లెక్క.

"లాభం! రెండు! మూడు!"

సోమన్న పిల్లల వైపు చూడడం లేదు. చెవి వంటగది వైపు పెట్టాడు. ఇక్కడ అందరూ చెబుతుంటే అక్కడ ఇందు అలవాటుగా గొంతు కలుపుతుందని కనిపెట్టుకుని ఉన్నాడు. కరుణకు అర్థమైంది. చాలు ఆపండి అని అరవాలి, అరిస్తే పిల్ల లోపలుందని తెలిసిపోతుంది. నిలబడే ఉంది.

"తొమ్మిది! పది!"

వంటగదిలోంచి చిన్నగా ఏదో వినబడింది. గొంతో, గిన్నో. సోమన్న రెండడుగుల్లో తలుపు దగ్గరున్నాడు. తలుపు తెరుచుకుంది. పొగలు కక్కే పప్పుచారు గిన్నె రెండు చేతులా పట్టుకుని అచ్చమ్మ గడపలో నిలబడింది.

"జరుగయ్యా! మీద పడితే తోలూడుతది."

"లోపల ఎవలున్నరు?"

"నీ అత్త ఉన్నది. నీకోసమే బువ్వ వండుతుంది. జరుగుతవా, పొయ్యాల్నా?"

అతను ఆ గిన్నె వంక చూశాడు, ఆమె ముఖం వంక చూశాడు. పోస్తుందని తెలిసింది. ఒకడుగు వెనక్కి వేశాడు. బిస్కెట్లు బల్ల మీద పెట్టాడు.

"ఇయ్యాల కాకుంటే రేపు," అన్నాడు నెమ్మదిగా. "బడి ఏడికి పోతది మేడం?"

బండి పోయింది. అచ్చమ్మ గిన్నె దించింది.

మధ్యాహ్నం దాటాక కానిస్టేబుల్ వచ్చాడు. "మా పాప మీ వీడియోలే చూస్తదండీ," అన్నాడు. రోజూ బడి వైపు బీట్ వేయిస్తామన్నాడు. రాసుకుని పోయాడు.

అతని వెనకే నాగమణి ఆటోలో వచ్చింది. చేతులకు ఇంకా మిరప ఘాటు. మేడం చేసిన కాల్ చూసే ఊహించి, అప్పటికే మూట కట్టుకుని వచ్చింది. కరుణ చెప్పిందంతా విన్నది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"టీసీ రాసిస్తాను. ఎక్కడైనా చేర్చుకుంటారు."

"వద్దు. అది ఆన్‌లైన్ల ఎక్కుతది గద. ఏ బడో తెలిసిపోతది."

"మరి చదువు?"

"బతికితే గద సదువు."

ఇందు అచ్చమ్మ కొంగు వదలడం లేదు. నాగమణి విడదీసి ఆటోలో కూర్చోబెట్టింది.

"ఏ ఊరు పోతున్నావో నాకొక్కదానికి చెప్పు నాగమణీ. ఒట్టు, ఎవరికీ చెప్పను."

నాగమణి ఆమె ముఖంలోకి చూసింది. "మీరు మంచోళ్లే మేడం. నా బిడ్డకు ఇంత లెక్క ఎవలు నేర్పలే. గని ఏ ఊరో సెప్ప."

ఆటో గేటు దాటింది. రేపు అతను వచ్చి అడుగుతాడు. అడిగినప్పుడు తన నోరు ఎలా జారుతుందో కరుణ పొద్దున్నే చూసింది. ఆటో రోడ్డెక్కి ఎటు తిరుగుతుందో చూడబోయి, ముఖం గోడకు తిప్పుకుంది. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా అలాగే నిలబడింది.