కాలవ గట్టున ఇచ్చిన వాలప్

సోమరాజు పేరున ఇంగ్లండు నించి ఉత్తరం వచ్చిందంటే కొల్లేటికోటలో మొదట ఎవరూ నమ్మలేదు. పోస్టుమాను చేతిలో నీలం కవరు, దానిమీద రాణీగారి బొమ్మ ఉన్న స్టాంపు చూశాకే నమ్మారు. అది పంతొమ్మిదివందల యాభై అయిదు. వానలు వెనకబట్టిన రోజులు. మర్నాడు సోమరాజు ఆ కవరు తలపాగాలో దోపుకుని, చెల్లెలు వరహాలమ్మని దోనెలో ఎక్కించుకుని ఏలూరు బయల్దేరాడు. ఆమెకి ఎలాగూ ఆస్పత్రిలో కళ్లు చూపించుకునే పని ఉంది.

ఏలూరులో వాళ్లకి తెలిసినవాళ్లలో ఇంగ్లీషు వచ్చిన మనిషి వేంకటాచలం మాస్టారు ఒక్కరే. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. సోమరాజు ఏటా వాళ్లింటికి తుంగచాపలు తెచ్చేవాడు.

మాస్టారు అరుగు మీద కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, ఉత్తరం తనలో తను చదువుకున్నారు. ఒకచోట ఆగారు. లోపలికి వెళ్లి డిక్షనరీ తెచ్చి ఏదో వెతికారు. మళ్లీ మాట్లాడేసరికి ఆయన గొంతు మారింది.

"పార్కర్ అనే దొర నీకు తెలుసా?"

"తెలుసండీ. యుద్ధం రోజుల్లో తాడేపల్లిగూడెం ఏరోడ్రోములో నేను నీళ్లు మోశాను కదండీ. పొడుగాటి దొరండీ. విమానాలు బాగుచేసేవాడు. నన్ను సోమూ అనేవాడు."

"ఆయన్ని నువ్వు కొట్టావా?"

సోమరాజు నవ్వబోయి ఆగిపోయాడు. "నేనా? దొరనా? లేదండీ."

"మరి ఇలా రాశాడేం?" మాస్టారు తెలుగు చేస్తూ చదివారు. "'ఆ సాయంత్రం కాలవ గట్టున నువ్విచ్చిన దెబ్బ ఇంతవరకూ మరిచిపోలేదు సోమూ. రెండు రోజులు నా తల తిరుగుతూనే ఉంది. ఎవరిచ్చారని మా ఆఫీసర్లు ఎంత గుచ్చి అడిగినా నీ పేరు చెప్పలేదు. అలాంటిది ఇక్కడ ఎవరివల్లా కాదని మా ఆవిడతో అంటూ ఉంటాను.' దెబ్బ అన్నచోట ఆయన వాలప్ అని రాశాడు. వాలప్ అంటే గట్టిగా కొట్టడం. ఇదిగో, డిక్షనరీలో ఉంది."

సోమరాజు ఆ పుస్తకం వైపు అయోమయంగా చూశాడు.

"ఆ సాయంత్రం నువ్వాయనకి ఏమిచ్చావు?"

ఆ ప్రశ్నకి సోమరాజు మొహం పాలిపోయింది. చూపు దించుకుని, "ఏమీ ఇవ్వలేదండీ," అన్నాడు. అబద్ధం చెప్పే పిల్లల్ని ముప్ఫై ఏళ్లు చూసిన మాస్టారికి అది అబద్ధమని తెలిసిపోయింది.

అరుగు చివర కూర్చున్న వరహాలమ్మ లేచి నిలబడింది. కళ్లలో మందు పోయించుకుని వచ్చిందేమో, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. "పద అన్నయ్యా, పొద్దుపోతోంది," అంది. అంతే. దోనెలో దారి పొడుగునా అన్నకి వీపు తిప్పి కూర్చుంది.

ఆమె మనసులో తిరుగుతున్నది వేరే సంగతి. ఆ యుద్ధం రోజుల్లోనే, ఆ కాలవ గట్టునే, ఎవరో ఒక సార్జెంటు దొరని పారకర్రతో కొట్టి పడేశారు. మునిమాపువేళ, మసక చీకటి. మనిషిని ఆనవాలు పట్టలేదు. అక్కడ రాళ్లు మోసే కూలీల్లోంచి చిన్నరాజుని పట్టుకుపోయారు. ఆరు నెలలు రాజమండ్రి జైల్లో ఉండి వచ్చాడు. నేను కొట్టలేదని కోర్టులోనూ చెప్పాడు, ఊళ్లోనూ చెప్పాడు. పాపం, చెయ్యని తప్పుకి శిక్ష పడ్డ మనిషని ఊరంతా అతన్ని గౌరవంగా చూసింది. వరహాలమ్మ అప్పటికే అతనికి అనుకున్న పిల్ల. జైలు నించి వచ్చిన ఏడాదే పెళ్లయింది.

ఇంటికి చేరగానే ఉత్తరంలో ఉన్నది మొగుడికి చెప్పింది.

"ఏవయ్యా, నువ్వు కోర్టులో నిలబడ్డప్పుడు ఆ దొర పేరు ఏం చెప్పారు? పార్కరేనా?"

చిన్నరాజు వల అల్లుతున్నాడు. తల ఎత్తలేదు. "పదేళ్లయింది. గుర్తులేదు. అలాంటి పేరే ఏదో."

ఆ మాట చాలింది. వరహాలమ్మ ఒక్కొక్కటీ తవ్వుకోవడం మొదలుపెట్టింది. చిన్నరాజు జైల్లో ఉన్నప్పుడు అతని తల్లికి బియ్యం మోసుకెళ్లి ఇచ్చింది అన్నయ్యే. రాజమండ్రి రెండుసార్లు వెళ్లి చూసొచ్చింది అన్నయ్యే. తండ్రి సందేహిస్తుంటే, ఈ పెళ్లి జరిగి తీరాలని పట్టుబట్టిందీ అన్నయ్యే. ఇన్నాళ్లూ అదంతా ప్రేమనుకుంది. ఇప్పుడు తలుచుకుంటే, చేసిన తప్పు లోపల తొలుస్తుంటే చేసిన పనుల్లా కనిపించాయి. తలుచుకున్నకొద్దీ అన్నీ దానికే అతుకుతున్నాయి.

ఆ దొరని కొట్టింది సోమరాజేనన్న మాట వారం తిరక్కుండా ఊరంతా పాకింది. ఎవరూ సోమరాజుని నిలదీయలేదు. నిలదీస్తే జవాబు చెప్పేవాడేమో. పెద్దవల వెయ్యడానికి ఆరుగురు కావాలి. ఆ ఆరుగురిలో అతను ఎప్పుడూ ఉండేవాడు. ఒకరోజు రేవుకి వెళ్లేసరికి అతని చోట ఇంకొకడు నిలబడి ఉన్నాడు. సోమరాజు చిన్నవల వేసుకుని, ఒక్కడే దోనె తోసుకుపోయాడు. అలా నెల రోజులు.

ఏలూరులో మాస్టారికీ మనసు కుదురుగా లేదు. సోమరాజు దొరని కొడితే అతని బావ జైలుకి పోయాడని, ఇప్పుడు ఊరు అతన్ని దూరం పెట్టిందని చేపలవాళ్ల నోట విన్నారు. ఆ మనిషి చేతులు ఎంత పెద్దవో ఆయనకి పదే పదే గుర్తొచ్చేది. "ఇన్నేళ్లుగా ఇంట్లోకి రానిచ్చాం. ఎలాంటివాడో ఏమిటో," అన్నారు ఒకరోజు భోజనాల దగ్గర.

ఆయన భార్య మంగతాయారు చారు వడ్డిస్తూ, "ఏవండీ, నాదొక సందేహం. మిమ్మల్ని ఎవరైనా తల తిరిగిపోయేట్టు కొడితే, పదకొండేళ్లయ్యాక వాళ్ల అడ్రసు వెతుక్కుని మరీ ప్రేమగా ఉత్తరం రాస్తారా? అలాంటిది మా ఊళ్లో ఎవరివల్లా కాదని మెచ్చుకుంటారా?" అంది.

మాస్టారు ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆయన అనుమానం ఇప్పుడు తన డిక్షనరీ మీదికి మళ్లింది. అది పిల్లల డిక్షనరీ. ఒక్కో మాటకి ఒక్కో అర్థం చెప్పి ఊరుకుంటుంది.

ఆ సాయంత్రమే ప్లీడరు జగన్నాథంగారింటికి వెళ్లారు. అక్కడ బీరువా నిండా పెద్ద డిక్షనరీ సంపుటాలున్నాయి. వాలప్ దొరికింది. అరపేజీ ఉంది. అది పాత ఫ్రెంచి మాటట. మొదట్లో గుర్రం దౌడు తియ్యడమని అర్థం. తరవాత కుండలో నీళ్లు కుతకుతా మరగడం. ఆ తరవాత బరువుగా ఊగుతూ నడవడం. కొట్టడం అన్నది ఎక్కడో చివర, మాటల్లో మాత్రం వాడతారన్న గుర్తుతో ఉంది.

"దౌడు, మరుగు, ఊగడం," అన్నారు మాస్టారు. "ఇన్ని వేషాలు వేసిన మాట ఇంకోటి వెయ్యదని ఏమిటి నమ్మకం?"

"సోల్జర్ల మాటలు పుస్తకాల్లో వెతికితే ఎలా మాస్టారూ?" అన్నారు జగన్నాథంగారు. "వాళ్లతో కలిసి తిరిగినవాళ్లని అడగాలి. గూడెం స్టేషను ఎదురుగా దేవసహాయం అని కాఫీ హోటలతను ఉన్నాడు. ఆ ఏరోడ్రోము మెస్సులో వంట చేసినవాడు."

మర్నాడు పొద్దున్న పాసింజరులో మాస్టారు తాడేపల్లిగూడెంలో దిగారు. దేవసహాయం ఇత్తడి గ్లాసులో కాఫీ తిరగపోస్తూ ఉత్తరంలోని మాట విన్నాడు. విని పగలబడి నవ్వాడు.

"వాలప్పా! బీరండీ మాస్టారూ. బీరు! డ్యూటీ అవగానే 'డేవీ, వాలప్ ఉందా?' అనేవారండీ. మా మెస్సులో అది ఎప్పుడూ చాలేది కాదు. పార్కర్ దొర ఒకసారి సోమరాజు తెచ్చిన తాటికల్లు ముంతడు పట్టించి, రెండు రోజులు మంచం దిగలేదండీ. ఆఫీసర్లు నన్నూ అడిగారు ఎవరు పోశారని."

మాస్టారు బల్ల మీదికి వంగారు. "మరి దెబ్బలు తిన్నది?"

"ఆయన వేరేనండీ. మిల్లర్ సార్జెంటు. పొట్టివాడు. ఆయన్ని వెంటనే మద్రాసు పంపేశారు. పార్కర్ దొర యుద్ధం అయ్యేదాకా ఇక్కడే ఉన్నాడు."

మాస్టారు ఆగలేకపోయారు. ఆ మర్నాడే జట్కాలో కొల్లేటి అంచుదాకా వెళ్లి దోనె మాట్లాడుకున్నారు. నీటి నడుమ ఒంటరిగా వల లాగుతున్న సోమరాజుని దూరం నించే గుర్తుపట్టి, దోనె అటు పోనిమ్మన్నారు.

"తప్పు నాది సోమరాజూ," అన్నారు ముందుగా. సంగతంతా చెప్పి, "ఆరోజు ఏమిచ్చావని అడిగితే కల్లు ఇచ్చానని ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు.

సోమరాజు తడిచేతులు పంచెకి తుడుచుకున్నాడు. "ఇప్పుడు మద్యనిషేధం కదండీ. కల్లు పోశాడని మొన్ననే మా పక్కూరివాణ్ణి పట్టుకుపోయారు. పాతదైనా లెక్కేమో అనుకున్నాను. పైగా మీ ముందర కల్లు మాట ఎలా అనేదండీ? మీరు అడిగిన తీరుకే భయమేసింది."

"నెల రోజుల్లో మీ ఊళ్లోవాళ్లకైనా చెప్పలేకపోయావా?"

"అడిగితే కదండీ చెప్పడానికి."

ఇద్దరూ చిన్నరాజు ఇంటికి వెళ్లారు. వాకిట్లో నలుగురు చేరారు. మాస్టారు నిలబడే చెప్పారు. వాలప్ అంటే ఏమిటో, దేవసహాయం ఏమన్నాడో, పార్కరెవరో, మిల్లరెవరో, అంతా. వరహాలమ్మ గుమ్మం పట్టుకుని వింటోంది. అన్న వైపు చూడడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. కాసేపటికి మొగుడి వైపు తిరిగింది.

"మిల్లర్ అట. పార్కర్‌కీ మిల్లర్‌కీ అంత తేడా ఉంటే, అలాంటి పేరే అన్నావేం?"

చిన్నరాజు చేతిలో వలసూది ఆగింది.

"నిన్నే అడుగుతున్నాను. ఆ దొరని కొట్టింది ఎవరు?"

పిల్లి ఒకటి చేపల బుట్ట దగ్గరికి వచ్చినా ఎవరూ అదిలించలేదు.

"నేనే," అన్నాడు చిన్నరాజు.

అందరూ అతనివైపే చూశారు. "రాళ్లు మోసేచోట పైడమ్మత్త అంబలి తాగుతోంది. పని మానేసి కూర్చున్నావని ఆ సార్జెంటు ముంత తన్నాడు. ముసల్ది, మట్టిలో పడ్డ అంబలి చేత్తో ఎత్తుకుంటోంది. సాయంత్రందాకా ఓర్చుకున్నాను. తరవాత ఓర్చుకోలేకపోయాను. ఒప్పుకుంటే మీ నాన్న పిల్లనిచ్చేవాడా? కాదన్నాను. ఒకసారి కాదన్నాక, ఇంక అవునని ఎప్పుడు అనను? ఊరంతా పాపం, పాపం అంటుంటే..."

వాకిట్లో ఎవరో "మంచి పని చేశావు" అన్నారు. ఇంకొకరు అవునన్నారు. వరహాలమ్మ ఆ మాటకి భగ్గుమంది.

"మంచి పనే! వాణ్ణి కొట్టినందుకు నేనేమీ అనను. పెళ్లికి ముందే చెప్పినా నిన్నే చేసుకునేదాన్ని. ఈ నెల రోజుల సంగతి చెప్పు. మా అన్న ఒక్కడే దోనె తోసుకుపోతుంటే ఇక్కడ కూర్చుని వల అల్లుకున్నావు. నేను అన్నని తిడుతుంటే విన్నావు. నీకు తెలుసు. నీ ఒక్కడికే తెలుసు."

చిన్నరాజు లేచి సోమరాజు దగ్గరికి వెళ్లాడు. "బావా," అన్నాడు. సోమరాజు అతని భుజం మీద చెయ్యి వెయ్యనూ లేదు, తోసెయ్యనూ లేదు. "మాస్టారిని చీకటిపడేలోగా గట్టున దింపాలి," అని రేవుకి నడిచాడు.

ఆ వారంలో చిన్నరాజు తనే ఇల్లిల్లూ తిరిగి నిజం చెప్పుకున్నాడు. చాలామంది అతన్ని మునుపటికన్నా ఎక్కువ మెచ్చుకున్నారు. ఆ మెప్పు వింటూ అతను ఇంకా కుంగిపోయాడు. పెద్దవల వాళ్లు సోమరాజు చోటు మళ్లీ సోమరాజుకే ఖాళీ చేశారు. సోమరాజు వెళ్లలేదు. ఆ చలికాలమంతా అతని దోనె రెండో కొసన గెడ వేసింది వరహాలమ్మ. తెల్లవారకముందే వంట ముగించి, మొగుడికి అన్నం మూతపెట్టి వచ్చేసేది.

మాఘమాసంలో ఒక పొద్దున, మంచులో, అన్నాచెల్లెళ్లు రేవుకి వచ్చేసరికి చిన్నరాజు అప్పటికే మోకాలిలోతు నీళ్లలో నిలబడి సోమరాజు దోనెలో చేరిన నీళ్లు తోడుతున్నాడు. వరహాలమ్మ గట్టునే ఆగిపోయింది. సోమరాజు కాసేపు చూశాడు.

"ఆ మూల కూడా తోడు బావా," అన్నాడు. "అక్కడే ఎక్కువ ఊరుతోంది."