సాయమ్మ పొయ్యి మీది మచ్చ

మచ్చ కెమెరాలో ఉందని మూడుసార్లు చెప్పాను. మా ప్రాజెక్టు మేనేజరు పట్టాభిరామయ్య గారు మూడుసార్లూ కిటికీలోంచి సాయమ్మ పొయ్యి వైపే చూశారు.

మాదాపూర్‌లో మేం కడుతున్నది ఎనిమిదంతస్తుల కంప్యూటరు ఆఫీసు. ప్రతి శనివారం ఒకే బండ మీద నిలబడి, ఒకే వైపు నుంచి దాన్ని ఫొటో తీయడం నా పని. కట్టడం ఎంత లేచిందో డబ్బు పెట్టిన సింగపూరు వాళ్లు అందులో చూసుకుంటారు. నార్సింగిలో పెళ్లి ఫొటోలు తీసుకునే నాకు, రీలు అక్కర్లేని ఈ కెమెరా ఇచ్చి జీతానికి పెట్టుకున్నారు. చుట్టూ బండలు పేలుస్తుంటారు. లెన్స్ మార్చినప్పుడల్లా దుమ్ము లోపలికి పోతుంది. రీలు ఉండాల్సిన చోట తపాలా బిళ్లంత పలక ఒకటి ఉంది. దాని మీద కూర్చున్న నలుసు ప్రతి ఫొటోలో కుడివైపు ఆకాశంలో నల్లగా పడుతోంది. సరిగ్గా దాని కిందే సాయమ్మ చాయ్ పాక. అదీ ఆమె ఖర్మ.

"అది పొగయ్యా. ఏం తగలబెడుతున్నారని సింగపూరు వాళ్లు అడుగుతున్నారు. శనివారంలోపు ఆ పాక తీయించేస్తాను," అన్నారు మేనేజరు.

"పొగ వారం వారం ఒక్కతావులనే నిలవడ్తదా సార్?"

"గాలి లేదేమో."

ఆఫీసు తెల్లగోడను ఫొటో తీసి చూపించాను. అదే చోట అదే మచ్చ. ఆయన లేచి వెళ్లి గోడను వేలితో రుద్దారు. "ఆ పెయింటరుకు అప్పుడే చెప్పాను, పని సరిగ్గా లేదని."

కెమెరా భుజాన వేసుకుని పాకకు వెళ్లాను.

సంగతి విని సాయమ్మ గ్లాసు కడుగుతూనే ఉంది. "నా పచ్చికట్టెలకు అంత బలముంటే చాయ్ జల్ది మసలకపోవునా తమ్మీ? ఇడిసి ఏడికి పోవాలె? జర దూరమైతే కూలోళ్లు ఒక్కరు రారు."

"శనివారం దాక ఆగక్కా."

కెమెరాతో వచ్చిన పుస్తకంలో పలకను ముట్టుకోవద్దు, బొంబాయికి పంపమని ఉంది. బొంబాయి వాళ్లు నలభై రోజులన్నారు. చేతిలో ఉన్నవి రెండు.

గురువారం మధ్యాహ్నం ఆఫీసు బాత్రూములో నీళ్లు చల్లి, దుమ్ము అణిగాక గడియ పెట్టుకున్నాను. మందుల షాపులో కొన్న, చెవి కడిగే రబ్బరు బుడ్డితో గాలి కొట్టాను. నలుసు కదల్లేదు. ప్లాస్టిక్ స్కేలు ముక్కకు ఉతికిన మల్లు గుడ్డ చుట్టి, ఒక్క చుక్క స్పిరిట్ వేశాను. బటన్ నొక్కి పట్టినంతసేపే లోపలి తెర తెరిచి ఉంటుంది. వేలు సడలితే తెర, గుడ్డ, నా ఉద్యోగం ఒకేసారి పోతాయి.

తలుపు చప్పుడైంది. "యాదయ్యా, ఒంట్లో బాగాలేదా?"

"బాగనే ఉంది సార్."

"మరి అరగంట నుంచి ఏం చేస్తున్నావు?"

"కడుగుతున్న."

ఆయన ఏదో గొణిగి వెళ్లిపోయారు.

పలక పైకొస మూడుసార్లు తుడిచాను. మూడుసార్లూ మచ్చ ఉన్నచోటే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, పని నేర్చుకున్న స్టూడియోలో నల్లగుడ్డ కప్పుకుని చూసే పాత కెమెరా. దాని గాజు మీద పెళ్లికొడుకులందరూ తలకిందులుగానే నిలబడేవారు. ఇక్కడా అంతే, ఆకాశంలోని మచ్చ పలకకు అడుగున ఉంటుంది. ఇంత చిన్న సంగతికి అంతసేపు పట్టినందుకు నన్ను నేనే తిట్టుకుని, అడుగు కొసను ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కసారి లాగాను. గోడను ఫొటో తీసి చూస్తే తెల్లగా ఉంది.

శనివారం ఫొటోకు బండ మీదికి ఎక్కాను. పాక లేదు. మూడు పొయ్యిరాళ్లు మిగిలాయి. వాచ్‌మన్ ఎల్లేశం శుక్రవారం సాయంత్రమే ఖాళీ చేయించాడట. సాయమ్మ నీళ్ల ట్యాంకర్లు ఆగే చోటుకు అవతల, మనిషి తిరగని చోట కూర్చుంది.

ఫొటో చూసి మేనేజరు కుర్చీలో వెనక్కి వాలారు. "చూశావా? పొయ్యి తీశాం, మచ్చ పోయింది."

"నేను కడిగిన సార్."

"బాత్రూమా?"

మళ్లీ శనివారం, డ్రిల్లింగు జరుగుతున్న చోటికి వెళ్లి లెన్స్ ఊడదీశాను. పది లెక్కపెట్టి బిగించాను. తర్వాత ఎప్పటి బండ మీద నుంచే ఫొటో తీశాను.

ఈసారి ఆకాశంలో నాలుగు మచ్చలు. మేనేజరు ఫొటో చూశారు, కిటికీలోంచి చూశారు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ ఫొటో చూశారు.

"అక్కడ ఇప్పుడు ఎవరున్నారయ్యా?"

"ఎవ్వరు లేరు సార్. మూడు రాళ్లున్నయి."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. చివరికి గొంతు తగ్గించి అడిగారు. "ఈ కెమెరా లోపల కడగడం ఎవరికైనా వచ్చా?"

"నాకొస్తది."

"ఎంతసేపు పడుతుంది?"

"దగ్గర్ల చాయ్ దొరికితే అరగంట."

ఆయన నా వైపు చూడకుండా గంట కొట్టి, ఎల్లేశాన్ని ట్యాంకర్ల వైపు పంపారు.