ఐదో సూది

మిరపతోటలో చంద్రమ్మ గొంతుక్కూర్చుని కలుపు తీస్తోంది. ఎడమచేత్తో కొమ్మలను పక్కకు వంచి, కుడిచేత్తో గడ్డిని మొదలంటా పట్టి లాగుతోంది. రెండు నెలలుగా వేళ్ళ కొసలు మొద్దుబారి ఉన్నాయి. పట్టుకున్నది గడ్డో మిరపో ఒక్కోసారి కళ్ళతో చూస్తేగాని తెలియదు. అయినా ముప్పై ఏళ్ళ పని. గార్ల చుట్టుపక్కల ఆమె కలుపు తీయని చెలక లేదు.

నెత్తికి చుట్టిన తువ్వాల జారితే సర్దుకుంది. ఆ బోడినెత్తి చూసి కూలీలంతా కాళేశ్వరంలో మొక్కు తీర్చుకుందనుకున్నారు. కాదని చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది. ప్రసాదం అడిగితే ఏం చేయాలో తోచక, అంగడిలో పుట్నాలూ బెల్లమూ కొని పంచింది. అప్పటినుంచి పక్క సాలులో పనిచేసే జమ్లీ ఆమెను వదలదు.

"ఇంకో దేవునికి మొక్కు చంద్రక్కా. నీ పుట్నాలు మంచిగున్నయి."

చంద్రమ్మ నవ్వింది. నోటి పుండ్లు మానాయి గనుక ఈ వారం నవ్వగలుగుతోంది.

ఎనభై మూడు జూన్‌లో మెడ పక్కన బిళ్ళ కట్టిందని పట్నం పెద్ద దవాఖానకు పోతే క్యాన్సర్ అన్నారు. ఇరవై ఒక్క రోజులకొకటి చొప్పున ఆరు సూదులన్నారు. ఆమెకు భయం కంటే అనుమానమే ఎక్కువ కలిగింది. జబ్బు మెడలో ఉంటే మందు చేతి నరానికెందుకు? అడిగేసింది. నర్సు మనోరమది జనగామ. సెలైన్ సీసా సరిచేస్తూ, "నెత్తురు పోని జాగ ఉంటదా అవ్వా ఒంట్ల? మందు గూడ గట్లనే పోతది" అంది.

మరి వెంట్రుకలేం పాపం చేశాయని రెండోసారి అడిగింది. జబ్బు కణాలు గబగబా పెరుగుతాయట. మందు అట్లా పెరిగేవాటినే పట్టుకుంటుందట. జుట్టూ, నోటి లోపలి పొరా గబగబా పెరిగేవే. ఏది మనదో ఏది జబ్బుదో దానికి తెలియదు. మధ్యలో మూడు వారాల ఎడం ఒళ్ళు కోలుకోవడానికని మనోరమ విడమర్చి చెప్పింది. అప్పటినుంచి చంద్రమ్మకు గోళ్ళు చూసుకోవడం అలవాటైంది. సూదికొక తెల్లగీత గోటి మీద పడుతోంది. ఇప్పటికి నాలుగు.

ఐదోది రేపు. ఇవాళ మధ్యాహ్నం బండికే బయల్దేరాలి. పోవద్దని పెనిమిటి పోశయ్య నిన్నటినుంచి అంటున్నాడు. బిళ్ళ కరిగిపోయింది, తడిమినా దొరకదు. కిందటిసారి మూడు రోజులు మంచినీళ్ళు కూడా కడుపులో నిలవలేదు. వాంతులకు గిన్నె పట్టుకుని పక్కన కూర్చున్నది అతనే. ఆమెకూ పోబుద్ధి కాలేదు. అందుకే పొద్దున్నే తోటకొచ్చింది.

సాలు సగమయ్యేసరికి తుంగ పరక ఒకటి కనిపించింది. పదిహేను రోజుల కింద ఈ సాలు తీసింది తనే. చంద్రమ్మ కొడవలి మొనతో తవ్వింది. జానెడు లోతున నల్లటి వేరు, దానికి పూసల్లా మూడు ముడులు. పైన ఏమీ లేనన్నాళ్ళూ కింద ఇవి ఉన్నాయి. మట్టి చేత్తోనే మెడ తడుముకుంది. నున్నగా ఉంది.

పోశయ్య సద్ది తెచ్చి గట్టు మీద పెట్టాడు. ఆమె వేరును అతని ముందు పెట్టింది.

"గీ సాల్ల నేను ఒక్క పరక ఇడిచిపెట్టలె. మరి గిదెట్లొచ్చింది?"

పోశయ్య ఒక ముడిని గోటితో గిల్లాడు. లోపల తెల్లగా, పచ్చిగా ఉంది. చాలాసేపు దాన్నే చూశాడు.

"బండికి యాళ్లయితంది" అని లేచాడు. "ఇంటికి పోయి గిన్నె తెస్త. నువ్వు టేషన్‌కు నడువు."

చంద్రమ్మ తువ్వాల బిగించుకుంది. జమ్లీ తలెత్తి చూసింది.

"మల్ల మొక్కేనా?"

"మొక్కు గాదు జమ్లీ. క్యాన్సర్ మందుకు వెంట్రుకలు పోయినయి."

జమ్లీ చేతిలోని గడ్డి కింద పెట్టింది. తర్వాత మెల్లగా, "అయితె పుట్నాలు నేనే తెస్త. జల్ది రా" అంది.

పని మధ్యలో లేచేవాళ్ళు తమ సాలులో కొడవలి గుచ్చి పోతారు. దాన్ని చూసి ఆ సాలు ఇంకెవరూ పట్టరు. అది అన్నం తిని వచ్చేవాళ్ళ పద్ధతి, వారం రోజులు పోయేవాళ్ళది కాదు. చంద్రమ్మ తన కొడవలి గుచ్చుతుంటే జమ్లీ ఆ మాట అనలేదు.

బండి కూత వినిపించేసరికి కూలీలు చెలక ఆ చివరన ఉన్నారు. ఈ చివర, తవ్విన గుంట పక్కన, కొడవలి పిడి పైకి నిలబడి ఉంది.