రుక్మాబాయి పాత చీర

తుక్కుగూడ నుంచి ఉప్పుగూడకు ఆరు కోసులు. ఒంటి మనిషి మధ్యాహ్నానికి చేరతాడు. బర్రెతో అయితే పొద్దు గూకుతుంది. మా బావ సాయిలుతో అయితే చెప్పలేం.

పోలీస్ యాక్షన్ అయిన నాలుగో ఏడు. బావకు ఉప్పుగూడలో పాల వ్యాపారం. ఉన్న ఒక్క బర్రె వట్టిపోయింది. హుస్సేనీ ఆలంలో అతని దగ్గర పాలు పోయించుకునే రంగనాయకమ్మ నాలుగు రోజులు ఓర్చుకుని, ఎల్లుండి తెల్లారేసరికి పాలు రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని చెప్పేసింది. ఆమె మానేస్తే ఆ గల్లీలో మిగతా ఆరిళ్లూ మానేస్తాయి. అందుకే మా ఊరొచ్చి, రుక్మాబాయి దగ్గర సుక్కిని కొన్నాడు. నల్లటి బర్రె, నొసట తెల్ల చుక్క. తోడుగా నన్ను లాక్కుపోయాడు.

రుక్మాబాయి పలుపుతో పాటు ఒక పాత ఎర్రచీర తెచ్చి ఇచ్చింది.

"దూడ సచ్చిన సంది నా చీర వాసన తగిల్తెనే పాలు చేపుతది తమ్మీ. గిది కట్టుకొనే పిండు. ఉతకకు."

బావ తల ఊపాడు. ఊరు దాటాక నోరు విప్పాడు.

"ముప్పై ఏండ్ల సంది పాలు పిండుతున్న. నాకు చీర గట్టిస్తదా ఈ ముసల్ది!"

చీర మూట నా భుజం మీదికి వచ్చింది.

వానలు వెళ్లి వారమైంది. గుండ్లన్నీ కడిగి ఆరబెట్టినట్టున్నాయి. వాటి సందుల్లో తంగేడు పూసింది. ఎటు చూసినా రాయి మీద రాయి, పైన మబ్బు లేని ఆకాశం. గాలి ఎదురుగా వచ్చి చెమట పుట్టనివ్వలేదు. నడవడానికి అంతకన్నా మంచి రోజు దొరకదు. సుక్కి మాత్రం వెనక్కి చూస్తూ నడిచింది. ఊరి చివరి ఇల్లు గుట్ట చాటుకు పోగానే పడుకుంది.

బావ పలుపు గుంజాడు. తోక మెలిపెట్టాడు. గడ్డి కోసి పెట్టాడు. చివరికి పట్నం మర్యాద చూపించి, "చలో బేగం, చలో" అన్నాడు. సుక్కి నెమరు వేసింది.

"చీర" అన్నాను.

"నువ్వు కట్టుకో."

"పిండేది నువ్వు గదా బావా."

బావ నాలుగు దిక్కులా చూసి, ధోవతి మీదనే చీర చుట్టుకున్నాడు. సుక్కి కొంగు వాసన చూసి లేచింది. అంతే, ముందు బావ, వెనక బర్రె, ఆ వెనక నేను.

మామిడిపల్లి దగ్గర మేకలు కాసే సక్కుబాయి దూరం నుంచే కేకేసింది.

"ఏ ఊరికి పోతున్నవక్కా?"

దగ్గరికి వచ్చి, మీసం చూసి, కర్ర కింద పడేసింది. తేరుకున్నాక, "అక్కా, మీసం మస్తున్నది!" అని పగలబడి నవ్వింది. ఆ నవ్వుకు మేకలు చెల్లాచెదురయ్యాయి. అప్పటి నుంచి బావ కొంగు ముఖం మీదికి లాగే నడిచాడు. గుట్ట వాలులో కళ్లు విచ్చిన సీతాఫలాలు దొరికితే కొంగు కిందనే తిన్నాడు, బీడీలూ కొంగు కిందనే కాల్చాడు. గింజలు మాత్రం నాకంటే దూరం ఊశాడు.

మిట్ట ఎక్కేసరికి పట్నం మినార్లు పాతిపెట్టిన గుంజల్లా కనిపించాయి. చాంద్రాయణగుట్ట దగ్గర బావ చీర విప్పేశాడు. ఇక్కడి నుంచి అందరూ తెలిసినవాళ్లే. సుక్కి నిలబడిపోయింది. ఎంతసేపు బతిమాలినా కదలలేదు. పొద్దు వాలుతోంది.

"రంగనాయకమ్మ నా చీర చూస్తదా ఏంది? పాలు చూస్తది" అంటూ మళ్లీ చుట్టుకున్నాడు.

ఉప్పుగూడ రైలు గేటు వేసి ఉంది. పక్కన చాయ్ బండి అంజన్ తొంగి చూశాడు.

"సాయిలన్నా?"

"నేను కాదు భాయ్" అంది కొంగు.

ఇంటి గుమ్మంలో మా అక్క ఆండాలు మొగుణ్ని చూసింది. నవ్వలేదు. వంగి సుక్కి పొదుగు చూసింది. సంగతంతా విని, "ఇటియ్యి, నేను పిండుత" అని చీర తాను చుట్టుకుని గిన్నె పెట్టుకు కూర్చుంది. సుక్కి వాసన చూసి ముఖం తిప్పేసింది. ఒక్క చుక్క దించలేదు. అక్క కూడా కొంగు వాసన చూసింది.

"ఛీ, అంతా బీడీ కంపే!"

అప్పుడర్థమైంది. ఆరు కోసులు ఎండలో నడిచేసరికి చీరలోంచి రుక్మాబాయి వాసన పోయింది. మిగిలింది బావే. సుక్కి దారంతా అలవాటు పడింది చీర కట్టిన బావకే.

గోడ మీద అప్పటికే నాలుగైదు తలలు లేచాయి. అంజన్ బండి వదిలేసి మరీ వచ్చాడు. బావ వాళ్లను చూశాడు, ఖాళీ గిన్నె చూశాడు. చీర తీసుకుని, ఈసారి కొంగు తలమీద వేసుకోకుండా నడుముకు దోపుకుని కూర్చున్నాడు.

సుక్కి అతని భుజం వాసన చూసి, నిట్టూర్చి, చేపింది. గిన్నెలో మొదటి ధార మోగగానే మా అక్క గోడకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"వదినా, నా చాయ్ బండికి గిన్ని పాలు పోస్తవా?" అన్నాడు అంజన్ గోడ మీది నుంచి.

బావ తల తిప్పలేదు.

"పొద్దుగాల రా మరిదీ. రంగనాయకమ్మకు పోయినంక మిగుల్తె సూద్దాం."