"రాలేదు" అని రాసిన రోజులు

వంద చొక్కాల్లో ఒక్క తప్పూ లేదని ఎవరైనా రాసిచ్చారంటే, ఆ వందా వాళ్ళు చూడలేదని అర్థం. బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర పదకొండేళ్ళుగా నిలబడుతున్నాను, ఈ ఒక్క విషయంలో నాకు అనుమానం లేదు. మిగతా అన్నిటిలోనూ ఉంది. మా ఆయన దాన్ని జబ్బు అంటాడు. నేను ఉద్యోగం అంటాను.

అందుకే, మా ఫ్రిజ్ మీద ఉండే నోట్‌బుక్కులో మూడు నెలల పాటు వరసగా "రాలేదు, రాలేదు, రాలేదు" అని కనిపించినప్పుడు సంతోషపడాల్సింది పోయి నాకు అనుమానం వచ్చింది.

ఆ రానిది మూర్ఛ. మా కుక్క బొంతకి. దాని ఒంటి మీద తెలుపు, నలుపు, గోధుమరంగు ముక్కలు ఎవరో చేతికి దొరికినవి దొరికినట్టు కలిపి కుట్టేసినట్టుంటాయి, అందుకని ఆ పేరు. మూడో ఏట ఒక పొద్దున పొయ్యి దగ్గర దబ్బున పడిపోయింది. నాలుగు కాళ్ళూ కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ, కింద తడి. చచ్చిపోతోందనుకుని నేను గోడకి అతుక్కుపోయాను. పశువుల డాక్టరమ్మ చూసి, ఇది తగ్గిపోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకోవాల్సిన జబ్బు అంది. పొద్దున ఏడింటికో మాత్ర, సాయంత్రం ఏడింటికో మాత్ర, ఒక్క పూట కూడా తప్పకూడదు. వచ్చినప్పుడు చుట్టూ సామాను జరపాలి, వెలుతురు తగ్గించాలి, నోట్లో చెయ్యి పెట్టకూడదు, గడియారం చూసుకోవాలి. అయిదు నిమిషాలు దాటితే ఎత్తుకుని పరిగెత్తాలి. అన్నిటికన్నా ముఖ్యం, వచ్చిన ప్రతిసారీ పుస్తకంలో రాయాలి.

"మీరు రాసిందాన్ని బట్టే నేను మాత్ర పెంచడమైనా, తగ్గించడమైనా. అది నాకు నోరు తెరిచి చెప్పదు కదా" అంది.

నేను పొద్దున ఎనిమిదికి వెళ్తే సాయంత్రం ఆరుకి వస్తాను. మా ఆయన సరుకుల వ్యాను నడుపుతాడు, ఎప్పుడొస్తాడో వ్యానుకే తెలియాలి. పగలంతా బొంతతో ఉండేది మామయ్యగారు. అత్తయ్య పోయాక, రెండేళ్ళ కిందట, ఒక సూట్‌కేసుతో మా ఇంటికి వచ్చారు. ముప్ఫై నాలుగేళ్ళు ఒక మిల్లు గేటు దగ్గర కూర్చుని ఎవరు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి లోపలికి వచ్చారో రిజిస్టరులో రాసిన మనిషి. మాట తక్కువ. వచ్చిన రోజున బొంతని ఎగాదిగా చూసి, "ఇది నా గదిలోకి రాకూడదు" అన్నారు. నేను ఏ మాటా పారేసే రకం కాదు. ఆ మాట కూడా దాచిపెట్టుకున్నాను.

ఏడింటికి రెండు పూటలా నేను వంటలో మునిగి ఉంటాను, అందుకని మాత్రలు వేసే పనీ, పుస్తకం రాసే పనీ ఆయనే తీసుకున్నారు. అక్షరాలు అచ్చు గుద్దినట్టుంటాయి.

కిందటి నెల ఆయన్నీ బొంతనీ తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మాత్రల వల్ల కాలేయం అలిసిపోతోందని రక్తపరీక్షలో తేలింది. ఆవిడ పుస్తకం తిరగేసి సంబరపడిపోయింది. "మూడు నెలల్లో ఒక్కటి కూడా రాలేదు. అయితే పావు మాత్ర తగ్గిద్దాం. నెల చూసి, అప్పటికీ రాకపోతే ఇంకో పావు" అంది. నేను పక్కకి తిరిగి చూశాను. మామయ్యగారు దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నారు. అది నా కంటపడింది.

ఆ తర్వాత ఒక్కోటీ కనపడడం మొదలైంది. ఓ మంగళవారం సాయంత్రం వచ్చేసరికి బొంత పడుకునే పరుపు తీగ మీద ఆరుతోంది. మా ఇంట్లో అది ఉతికేది ఆదివారం, ఉతికేది నేను.

"నీళ్ళు ఒలికాయమ్మా" అన్నారు మామయ్యగారు, నా వైపు చూడకుండా.

ఆ గురువారం బొంత నాలుక అంచున చిన్న గాటు. "ఎముకేదో కొరికుంటుంది" అన్నారు. మా ఇంట్లోకి ఎముక వచ్చి ఏడాదైంది. మరో వారం నేను తలుపు తీసేసరికి బొంత గది చుట్టూ ఆగకుండా తిరుగుతోంది, గోడకి గుద్దుకుంటోంది, గిన్నె పెడితే ఊపిరి తీసుకోకుండా తినేసి ఖాళీ గిన్నెని కూడా నాకుతోంది. మూర్ఛ వచ్చి వెళ్ళాక అది చేసేది సరిగ్గా ఇదే. పరిగెత్తి పుస్తకం చూశాను. ఆ తారీఖు పక్కన ముద్దుగా "రాలేదు" అని ఉంది.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. మాత్రల డబ్బా వంచి లెక్కపెట్టాను. లెక్క సరిపోయింది. అయితే ఏంటట, డబ్బాలోంచి పోయినవన్నీ కుక్క నోట్లోకే పోయాయని ఎవరు చూశారు? చెత్తబుట్ట తిరగేశాను, పూలకుండీల్లో మట్టి కెలికాను, సోఫా కింద చీపురు పెట్టి లాగాను. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, ఆయన దిండు కింద కూడా వెతికాను. బూట్లలో కూడా. ఏమీ దొరకలేదు. దొరకకపోయేసరికి అనుమానం తగ్గకపోగా ఇంకా పెరిగింది. ఇంత బాగా దాచగలిగిన మనిషి ఇంకేమేం చేయగలడో అనిపించింది.

"మీ నాన్న దానికి మాత్రలు వెయ్యట్లేదు" అన్నాను మా ఆయనతో.

"చూశావా?"

"చూడక్కర్లేదు. ఆయనకి మొదటి నుంచీ అదంటే గిట్టదు. అది పోతే ఆయనకి ప్రాణం హాయి."

"నీకు దేవుడు ప్రత్యక్షమైనా తిరగేసి లోపలి కుట్టు చూస్తావు" అని నవ్వి, అటు తిరిగి పడుకున్నాడు.

నవ్వితే సరిపోతుందా? ఆ శనివారమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. ఈ పుస్తకమే చూసి ఆవిడ ఇంకో పావు మాత్ర తగ్గించేస్తుంది. నేను లేనప్పుడు నిజంగా మూర్ఛలు వస్తుంటే, మాత్ర తగ్గితే, ఏదో ఒక రోజు అది అయిదు నిమిషాలకి ఆగదు. ఇక లేవదు. నాకు ఆ కుక్క కావాలి. ఎందుకు కావాలో లెక్కలు చెప్పలేను, అది చొక్కా కాదు.

శుక్రవారం ఎవరికీ చెప్పకుండా సగం రోజు సెలవు పెట్టాను. మధ్యాహ్నం రెండింటికి చప్పుడు కాకుండా తాళం తిప్పి లోపలికి వచ్చాను. హాల్లో ఎవరూ లేరు. మామయ్యగారి గది తలుపు ఓరగా వేసి ఉంది, లోపల తెరలు దించి ఉన్నాయి. చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళి తొంగిచూశాను.

బొంత ఆ గదిలో, నేల మీద, కాళ్ళు కొట్టుకుంటోంది. మామయ్యగారు దాని మీదికి వంగి ఉన్నారు.

"ఏం పెట్టారు దానికి?"

ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆయన వెనక్కి కూడా తిరగలేదు. "మెల్లగా, అమ్మాయ్. చప్పుడైతే ఎక్కువవుతుంది. ఇది అయిపోయాక తిట్టు."

అప్పుడు సరిగ్గా చూశాను. కుర్చీ, బల్ల గోడవైపుకి జరిపేసి ఉన్నాయి. బొంత తల కింద ఆయన స్వెటరు మడతపెట్టి ఉంది. ఒక చెయ్యి దాని వీపు మీద ఆనీ ఆననట్టు ఉంది, రెండో అరచేతిలో గడియారం. "అయిపోతుంది తల్లీ, నిమిషం యాభై, అయిపోవచ్చింది, రెండు" అంటూ, నాతో రోజు మొత్తంలో మాట్లాడే మాటలకన్నా ఎక్కువ మాటలు దాంతో మాట్లాడుతున్నారు. రెండు నిమిషాల నలభైకి కాళ్ళు ఆగాయి. కాసేపటికి బొంత తూలుతూ లేచింది. నన్ను గుర్తుపట్టక గుర్రుమంది. వెతుక్కుంటూ వెళ్ళి ఆయన మోకాలి మీద తల పెట్టింది.

ఆయన గుడ్డతో దాని మూతి తుడిచి, నేల తుడిచి, అప్పుడు నా వైపు చూశారు. ఎక్కడ దొరికిపోయామో తెలిసిన మనిషి చూపు అది.

"ఎన్నిసార్లు?" అన్నాను.

"మాత్రలు వేశానమ్మా. ఏడంటే ఏడే. ఒక్కటీ తప్పలేదు."

"నేనడిగింది అది కాదు మామయ్యగారూ. పుస్తకంలో ఎందుకు రాయలేదు?"

ఆయన బొంత చెవి సర్దుతూ కూర్చున్నారు.

"మీరు రాలేదని రాస్తేనే ఆవిడ మాత్ర తగ్గించింది. తగ్గించాక ఇంకా ఎక్కువొస్తున్నాయా?"

తలూపారు. "అప్పుడే చెప్దామనుకున్నా. ఆ ఒక్కటి చెప్తే, ముందు మూడు నెలలదీ చెప్పాలి. మింగలేక కక్కలేక ఉన్నా."

"అసలెందుకు దాచారు?"

"నువ్వే అన్నావు కదమ్మా."

"నేనేమన్నాను?"

"ఒకే రోజు మూడుసార్లు వచ్చిందే, గుర్తుందా, నీకు డ్యూటీ కూడా పోయింది. రాత్రి ఎనిమిదిన్నరకి వంటింట్లో నేల తుడుస్తూ అన్నావు. ఇంకొక్కసారి వచ్చిందంటే డాక్టరమ్మతో చెప్పి శాశ్వతంగా నిద్రపోయే సూది వేయించేస్తా, ఇక నా వల్ల కాదు అన్నావు. ఆ రోజు నుంచే రాయడం మానేశా."

నాకు గుర్తులేదు. అలా అనలేదని మాత్రం అనలేను, నా నోరు నాకు తెలుసు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని చిన్నప్పుడు వందసార్లు విన్నాను. అనేసి, చేతులు కడుక్కుని, మర్చిపోయి ఉంటాను. ఆయన మాత్రం ఆ మాటని ఇన్నాళ్ళూ మోశారు.

"మిల్లులోనూ అంతే చేసేవాణ్ణి" అన్నారు మామయ్యగారు. "మూడుసార్లు ఆలస్యమైతే పనిలోంచి తీసేసేవాళ్ళు. చంటిపిల్లల తల్లులు రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చేవాళ్ళు. టైముకే వచ్చినట్టు రాసేవాణ్ణి. ఎవరికీ ఏ నష్టం జరగలేదు."

"దీనికి జరిగింది మామయ్యగారూ."

"తెలుసు" అన్నారు.  ఆయన దిండు కింద వెతికిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బొంతకి ఈ ఇంట్లో అపాయం ఎవరి వల్లో ఆయనకి మొదటి నుంచీ తెలుసు. ఆయన దాన్ని నా నుంచి దాస్తున్నారు.

ఫ్రిజ్ మీది పుస్తకం, పెన్ను తెచ్చి నేల మీద ఆయన ఎదురుగా కూర్చున్నాను. బొంత మా ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరుగుతోంది.

"చెప్పండి. మొదటి నుంచీ తారీఖులు చెప్పండి, కొట్టేసి రాస్తాను. రేపు పొద్దున ఆవిడకి ఉన్నదున్నట్టు చూపిద్దాం. గుర్తున్నాయా?"

"అన్నీ గుర్తున్నాయి. నిమిషాలతో సహా."

అన్నారే గానీ చెప్పలేదు. నా మొహం వైపు, నా చేతిలో పెన్ను వైపు మార్చి మార్చి చూస్తున్నారు. ఆ చూపు నాకు కొత్త కాదు. చెకింగ్ టేబుల్ మీద ప్రతి కుట్టునీ నేను చూసేది అలాగే.

"రాశాక పంపించేస్తే?" అన్నారు.

"పంపించను."

"ఆ రోజు కూడా నువ్వు ఉత్తినే అనలేదు."

"కోపంలో అన్నాను మామయ్యగారూ."

"ఇప్పుడు జాలిలో అంటున్నావు. అది మాత్రం ఎన్నాళ్ళుంటుంది?"

నాకు ఒళ్ళు మండింది. మరుక్షణం ఆ మంట చల్లారిపోయింది. ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? నేనైనా అదే అడిగేదాన్ని.

"ఏం చెయ్యమంటారు మరి?"

"ముందు ఆ మాట రాయి."

పేజీ పైన రాశాను. బొంతకి మూర్ఛ ఎన్నిసార్లు వచ్చినా ఈ ఇంట్లోంచి పంపేది లేదు, సూది వేయించేది లేదు. కింద సంతకం పెట్టి పుస్తకం ఆయన వైపు తిప్పాను. ఆయన కళ్ళజోడు వెతికి పెట్టుకున్నారు. ఒకసారి చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు.

"తారీఖు వెయ్యలేదు" అన్నారు.

వేశాను. అప్పుడు గానీ మొదటిది ఎప్పుడొచ్చిందో చెప్పలేదు.