ఉంగరం చప్పుడు

భర్త పోయాక చేపలతొట్టెను చూడలేక, బొజెనా దాన్ని ముసలి చేపతో సహా తెలిసినమ్మాయి క్వేటాకు అమ్మేసింది. క్వేటా దానికి కొత్త మూత, కొత్త దీపం అమర్చింది. చేప మాత్రం మేత ముట్టలేదు. కబురందుకున్న బొజెనా ట్రామెక్కి వచ్చింది.

"పాత మూత తీసి తప్పు చేశానా పిన్నీ?"

"మూతేం చేసిందమ్మా. మా ఆయన ఉంగరంతో తొట్టె అద్దం మీద కొట్టి మేత వేసేవాడు. నేను వేస్తే మొహం తిప్పుకునేది, మహారాణి."

బొజెనా మెడలోని గొలుసుకున్న భర్త ఉంగరం తీసి అద్దం మీద మెల్లగా కొట్టి, మేత వేసింది. మూల నక్కిన చేప గబగబా పైకొచ్చి మేత అందుకుంది.

"ఆయనొచ్చాడనుకుంది, పాపం," అంది బొజెనా.

క్వేటా ఆ ఉంగరం వైపే చూసింది.

"రేపటినుంచి నీ ఉంగరంతో కొట్టు. దానికి తేడా తెలియదు," అంటూ బొజెనా ఆయన ఉంగరాన్ని మళ్లీ గొలుసుకు ఎక్కించుకుంది.