ఎడమ సీటు కింది గొట్టం

నేను ఒక పొగగొట్టాన్ని. చీరాలలో ఫణీంద్ర గారు సొంతంగా కట్టుకున్న ఎర్ర కారు అడుగున వేలాడుతూ కొన్నేళ్ళు బతికాను. కారు చూడవచ్చినవాళ్ళు రంగు మెచ్చుకున్నారు, దీపాలు మెచ్చుకున్నారు, స్టీరింగు పట్టుకుని ఫొటోలు దిగారు. వంగి నన్ను పలకరించినవాడు ఒక్కడూ లేడు. పోనీలెండి. కింద ఉన్నవాళ్ళకి మనుషుల పాదాలు కనిపిస్తాయి, మాటలు వినిపిస్తాయి. వాళ్ళ సంగతి తెలుసుకోవడానికి నాకు ఆ రెండూ చాలు.

ఫణీంద్ర గారిది ఫొటో స్టూడియో. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఆయనకి తీరిక దొరికింది. ఎక్కడినుంచో ఫైబర్ బాడీ కిట్టు తెప్పించి, ఒక పాత కారు చాసిస్, ఇంజను కొని, టాపు లేని రెండు సీట్ల కారు కడతానని వెనక రేకుల షెడ్డులో కూర్చున్నారు. దానికి రిజిస్ట్రేషను ఎలా అయిందన్నది వేరే పురాణం, అది ఆ కాగితాలే చెప్పుకోవాలి. ఆయన భార్య హైమావతి గారు ముందుగదిలో జాకెట్లు కుడుతుంది. కారు తయారయ్యాక మొదటి ప్రయాణం నీతోనే, వాడరేవు సముద్రం దాకా, అని ఆయన మాటిచ్చారు. ఆవిడ ఆ మాట నమ్మి, టాపు లేని కారులో జుట్టు ఎగరకుండా కట్టుకోవడానికి ఎర్ర స్కార్ఫు ఒకటి కుట్టి పెట్టుకుంది.

కిట్టుతోపాటు ఒక గొట్టం వచ్చింది, మహా పొగరుబోతు. వేరే ఇంజనుకు చేసినదట. ఒకవైపు సర్దితే స్టీరింగు రాడ్డుకు తగిలేది, ఇంకోవైపు తిప్పితే పెట్రోలు ట్యూబును ఆనుకునేది. ఫణీంద్ర గారు విసుగెత్తి దాన్ని సైలెన్సర్లు కట్టే మీరావలి షాపుకు మోసుకెళ్ళి, దీన్నే ఆదిగా పెట్టుకుని ఇంకోటి చెయ్యమన్నారు. ఆది అన్న మాట ఆయన ఇంట్లో పొద్దస్తమానం వినేదే. కొత్త జాకెట్టు గుడ్డతోపాటు ఒక పాత జాకెట్టు ఇచ్చిపోతారే, దాన్ని చూసి కుట్టమని, అది. కాకపోతే ఒంటికి పట్టిన జాకెట్టునే ఎవరైనా ఆదిగా ఇస్తారు. పట్టనిదాన్ని ఇచ్చిన మనిషిని ఈయననే చూశాను.

అప్పటిదాకా నేను మీరావలి షాపులో గోడకి చేరబడి ఉన్న తిన్నని గొట్టాన్ని. వంచితే నొక్కుకుపోకుండా నాలో పొడి ఇసుక కూరి, మంటతో ఎర్రగా కాల్చి, మెల్లగా వంచాడు. స్టీరింగు జోలికి పోకుండా ఎడమ పక్కనుంచి, వెనక ఇరుసు మీదుగా నాకు దారి చూపించాడు. మొదట ఇనప పట్టీలతో బిగదీసి కట్టారు. ఇంజను స్టార్టయితే వణుకుతుంది, నన్నేమో కదలనివ్వరు, ఇంకేముంది, పట్టీలు పగిలాయి. రబ్బరు ముక్కలతో వేలాడదీశాక నాకు ఊపిరాడింది. ఫైబర్ వేడెక్కకుండా మధ్యలో రేకు అడ్డం పెట్టారు. ఫణీంద్ర గారు ఒక్కరే కూర్చుని బజారంతా తిరిగొచ్చారు. ఎక్కడా తగల్లేదు, చప్పుడు లేదు. ఆయన మీసం మెలేసే ఉంటారు, కిందనుంచి నాకు కనిపించలేదు.

ఇదంతా జరుగుతున్నప్పుడు ఎడమ సీటు అసలు కారులోనే లేదు. ముచ్చటగా ఉందని దాన్ని స్టూడియోలో వేసి, చంటిపిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీస్తున్నారు.

ప్రయాణం రోజు పొద్దున దాన్ని తెచ్చి బిగించారు. మెట్టెలు పెట్టుకున్న రెండు పాదాలు షెడ్డులోకి వచ్చి, ఒక్క క్షణం ఆగి, పైకెక్కాయి. బండి ఎడమవైపు కిందికి దిగింది. వీధి చివర మొదటి గుంతలోనే ఇరుసు వచ్చి నన్ను ఠంగుమని కొట్టింది. తరవాత ప్రతి గుంతకీ అదే వరస. రైల్వే గేటు దగ్గర స్పీడుబ్రేకరు మీద నా వీపు సొట్టపోయింది. ఫణీంద్ర గారు దిగి, వంగి చూసి నోరు జారారు.

"నేనొక్కణ్ణే ఉన్నప్పుడు బాగానే ఉందే."

పైన సీటు కిర్రుమంది. తరవాత మెట్టెల పాదాలు నేల మీదికి దిగాయి.

"అంటే ఇన్నాళ్ళూ మీ లెక్కలో నేను లేనన్నమాట," అంది హైమావతి గారు. గొంతు పెంచలేదు. ఆటో పిలిచి ఇంటికి వెళ్ళిపోయింది. సొట్ట పడింది నాకే అయినా, నా మనసంతా ఆ ఆటో వెంట పోయింది.

ఆ తరవాత ఆవిడ షెడ్డు వైపు రాలేదు. ఫణీంద్ర గారు స్ప్రింగులు గట్టివి వేద్దామన్నారు. వేస్తే బండి మనుషుల్ని ఎగరేస్తుందని మీరావలి ఒప్పుకోలేదు. ఇలా ఉండగా ఒకరోజు ఆయన ముందుగదిలో కత్తెర కోసం వెతుకుతుంటే, పీలికల బుట్టలో ఎర్ర స్కార్ఫు కనిపించిందట. ఆ మధ్యాహ్నమే ఆయన నన్ను ఊడదీసి, భుజాన వేసుకుని తీసుకెళ్ళి, కుట్టు మిషను పక్కన నేల మీద పెట్టారు. పెడలు మీద ఆవిడ పాదాలు ఆడుతూనే ఉన్నాయి.

"ఆది పనికిరాలేదు హైమా. మనిషి కొలత కావాలి," అన్నారు ఆయన. "ముందే అడగాల్సింది. నువ్వొచ్చి కూర్చుంటే గానీ ఇది కుదరదు."

పెడలు ఆగింది. మళ్ళీ ఆడింది. ఆగింది.

"ఈ జాకెట్టు చెయ్యి అతికించేసి వస్తా," అంది ఆవిడ.

మీరావలి షాపులో మనిషి దిగి పనిచేసే గుంత ఉంది. దాని మీద కారు నిలబెట్టి, నన్ను మళ్ళీ తగిలించాక భార్యాభర్తలిద్దరూ సీట్లలో కూర్చున్నారు. ఆవిడ హుక్కులు కుట్టే పని కూడా వెంట తెచ్చుకుంది. ఇరుసు ఎంతవరకు పైకొస్తుందో చూసి మీరావలి నా మీద గీతలు గీశాడు. గీసిన సుద్ద ఆవిడదే. గీసినచోట కోసి, కొత్త వంపు పెట్టి, బల్ల మీద వెల్డింగు చేసి మళ్ళీ తగిలించాడు. ఇరుసుకీ నాకూ మధ్య వేళ్ళు దూర్చి చూసి, సరిపోయిందక్కా అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. సీట్లో ఎగిరెగిరి కూర్చుని, ఇప్పుడు చూడమంది. అప్పుడూ తగల్లేదు.

అటునుంచి అటే వాడరేవు వెళ్ళాం. నాకు సముద్రం కనిపించలేదు, హోరు వినిపించింది. ఇసుక పక్కన ఆగి టిక్కుటిక్కుమని చల్లారుతున్నాను. కాసేపటికి తడి పాదాలు నాలుగు కారు దగ్గరికి వచ్చాయి. నా జీవితంలో అంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు.

ఆ సముద్రానికే మళ్ళీ మళ్ళీ వెళ్ళి, ఆ ఉప్పు గాలికే తుప్పుపట్టాను. మొన్న నాకు చిల్లు పడింది. ఫణీంద్ర గారు కారును మీరావలి షాపులో గుంత మీద వదిలి, నన్ను ఊడదీయించి, ఆవిడకి చూపించడానికి తెచ్చి మళ్ళీ మిషను పక్కన నేల మీద పెట్టారు. కొత్త గొట్టానికి నన్ను ఆదిగా తీసుకెళ్ళడానికి మీరావలి వచ్చాడు. ఇది సరిపోయిన ఆదే కదక్కా, ఈసారి నువ్వు రానక్కర్లేదు అన్నాడు. ఆవిడ అప్పటికే మిషను మీంచి లేచింది.

"ఆది ఉంటే ఉండనీ. ఎడమ సీట్లో మనిషి ఉండొద్దూ?"

ఫణీంద్ర గారు ఆటో తెచ్చారు. ఒక చివర బయటికి పొడుచుకురాగా నన్ను ఆవిడ ఒళ్ళో అడ్డంగా పెట్టారు. ఇన్నేళ్ళకి మొదటిసారి ఆవిడ మొహం చూశాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంటుందని నాకు తెలియనే తెలియదు. కదలని కారులో కూర్చోవడానికి వెళుతూ కూడా ఎర్ర స్కార్ఫు కట్టుకుంది.